సంతకం లేని అర్జీ

మా బావగారి ఉద్యోగం ఏమిటో ఆయన రిటైరయ్యేదాకా మా బంధువుల్లో చాలామందికి సరిగ్గా తెలియదు. పెళ్ళి పందిళ్ళలో ఎవరైనా అడిగితే "గవర్నమెంటులోనండీ" అనేవారు. ఏ శాఖ అని ఇంకా గుచ్చి అడిగితే "మనులు చదివే శాఖ" అని నవ్వి ఊరుకునేవారు. తమిళనాట స్థిరపడ్డ మనకి మను అంటే అర్జీ అని తెలుసు. కానీ కుప్పం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ దాన్ని 'మనువు' అని విని, "అయితే మా మనవరాలికి మంచి సంబంధం ఒకటి చూడు నాయనా" అని జాతకం కాగితం ఆయన చేతిలో పెట్టిన మాట వాస్తవం. ఆయన దాన్ని కూడా మడిచి జేబులో పెట్టుకున్నారు. చేతికి వచ్చిన కాగితాన్ని చదవకుండా తిప్పి పంపడం ఆయనకి చేతకాదు.

నిజానికి ఆయన పనిచేసింది ఫ్యాక్టరీల తనిఖీ శాఖ జిల్లా కార్యాలయంలో. ఇన్‌స్పెక్టరు కాదు. జీపు లేదు, డవాలా బంట్రోతు లేడు. ఫ్యాక్టరీలలో పనిచేసేవాళ్ళు తమ ప్రాణానికో, కాలికో, చేతికో ముప్పు ఉందని వ్రాసుకునే ఫిర్యాదులు చదివి, ఏది నిజం, ఏది తొందరపడి చూడవలసింది, ఏది మరొక ఆఫీసుకి పోవలసింది అని విడదీసి, ఇన్‌స్పెక్టరుగారి ముందు నోటు పెట్టడం ఆయన పని. ఇరవై ఏళ్ళకి పైగా అదే కుర్చీ, అదే బీరువా.

ఈ పత్రిక చదివే కుటుంబాలలో ఫ్యాక్టరీ గేటుతో సంబంధం లేని ఇల్లు తక్కువ. షోలాపూరు మరమగ్గాలు, బెంగుళూరు పీణ్యా వర్కుషాపులు, కోయంబత్తూరు ఫౌండ్రీలు, రూర్కెలా ఉక్కు, మా హోసూరు సిప్‌కాట్ షెడ్లు - ఎక్కడో ఒకచోట మనవాడు ఒకడు మిషను ముందు నిలబడే ఉంటాడు. అందుకే ఈ కుర్చీ గురించి నాలుగు మాటలు వ్రాయాలనిపించింది. దానితోపాటు నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పుకోవాలి. అది చెప్పకుండా మిగతాది వ్రాస్తే లెక్క టాలీ కాదు.

మూడు దొంతరలు

పొద్దున టపా రాగానే బావగారు అర్జీలకి నెంబరు వేసి మూడు దొంతరలు పెట్టేవారట. మొదటిది 'ఇవాళ', రెండోది 'ఈ వారం', మూడోది 'మనది కాదు'.

మూడో దొంతరే అన్నిటికన్నా ఎత్తు. జీతం తక్కువ ఇచ్చారంటే లేబర్ ఆఫీసుకి పోవాలి. ప్రావిడెంటు ఫండు కట్టలేదంటే ఆ ఆఫీసుకి. బాయిలరు గొడవైతే బాయిలర్ల శాఖకి, కరెంటు తీగలదైతే విద్యుత్ తనిఖీ శాఖకి, పొగ, మురుగునీరు అయితే కాలుష్య నియంత్రణ మండలికి. "ఇది మా పరిధిలోనిది కాదు" అని ఒక్క ముక్క వ్రాసి తిప్పి కొట్టడం సులువు. బావగారు మాత్రం సరైన ఆఫీసు చిరునామా వ్రాసి, అక్కడికే పంపి, అర్జీదారుకి ఒక కార్డు ముక్క వ్రాసేవారు. కూలివాడు ఒకరోజు జీతం పోగొట్టుకుని మన గడప తొక్కుతాడు, వాడిని మరో నాలుగు గడపలు తిప్పకూడదు అనేవారు.

మొదటి దొంతరలోకి ఏది పోవాలి అన్నది తేల్చడానికి ఆయనకి మూడే ప్రశ్నలు. ఏ మిషను? ఏమి లేదు? రేపు ఎవరికి తగులుతుంది? ఈ మూడింటికీ జవాబున్న కాగితం నాలుగు వరుసలే ఉన్నా సరే, ఆ పూటే లోపలికి వెళ్ళేది. ఎనిమిది పేజీల అర్జీలో ఏడు పేజీలు యజమానిని తిట్టడమే ఉంటే, ఆ ఎనిమిదో పేజీ కోసం ఓపికగా వెతికేవారు. "అబద్ధపు అర్జీ మనిషిని గురించి వ్రాస్తుందోయ్, నిజం అర్జీ మిషను గురించి వ్రాస్తుంది" అన్నది ఆయన అనుభవం. పోటీ కంపెనీవాళ్ళు వ్రాయించినవి, పనిలోంచి తీసేసిన కోపంతో వ్రాసినవి చాలా చూశారు. అయితే కోపంతో వ్రాసినదాన్ని కూడా పక్కన పడెయ్యలేదు. కోపం ఉన్నవాడికి నిజం కూడా తెలిసి ఉండవచ్చు కదా!

ఇక సంతకం లేని అర్జీలు. ప్రభుత్వ కార్యాలయాలలో ఆకాశరామన్న ఉత్తరాలను సాధారణంగా పక్కన పెట్టేస్తారు. ఈయన పెట్టేవారు కాదు. ఎందుకని పైవారు ఒకసారి అడిగితే, "సంతకం లేదని మిషను వేళ్ళని వదిలిపెడుతుందా సార్?" అన్నారట.

వాటిలో తెలుగు అర్జీలు కూడా ఉండేవి. హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు ఇళ్ళు తరతరాలుగా ఉన్నాయి. సరిహద్దు దాటి కుప్పం, పలమనేరు వైపు నుంచి పనికి వచ్చేవాళ్ళు సరేసరి. తెలుగు కాగితం వస్తే 'అనువాదానికి పంపవలెను' అని ఒక మూల వ్రాసి ఉంచడం అలవాటు. అనువాదం వచ్చేలోగా నెల గడిచేది. బావగారు హోసూరు తెలుగు మీడియం బడిలో చదువుకున్నవారు. అవి తన బల్ల మీదకి తెప్పించుకుని, అప్పటికప్పుడు తమిళంలో సారాంశం వ్రాసి పెట్టేవారు. మనలో చాలామందికి తెలియని మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా పౌరుడు తన కష్టం గురించి ఏ అధికారికైనా అర్జీ పెట్టుకోవచ్చు. కనుక తమిళనాట తెలుగు అర్జీ ఎవరో దయతలచి తీసుకునేది కాదు, హక్కుగా ఇచ్చేది.

నేను చూసిన షెడ్డు

ఇప్పుడు నా సంగతి. 2007లో నేను ఒక బ్యాంకు శాఖలో అడ్వాన్సుల సీటు చూస్తున్నాను. మోటారు బండ్ల విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీకి మా శాఖ క్యాష్ క్రెడిట్ ఇచ్చింది. ప్రతి నెలా వాళ్ళు స్టాకు స్టేట్‌మెంటు ఇవ్వాలి, మేము అప్పుడప్పుడూ వెళ్ళి సరుకు కళ్ళతో చూసి రావాలి. స్టాకు విలువలో 25 శాతం మార్జిను పోగా మిగిలిన దానికే అప్పు. కామర్సు చదివినవాడిని, లెక్క తప్పితే నిద్రపట్టదు. ఆ రోజు స్టీలు షీట్ల కట్టలు ఒక్కొక్కటే లెక్కపెట్టాను. ఇన్సూరెన్సు పాలసీ తేదీ చూశాను. గోడ మీద బ్యాంకు పేరు బోర్డు ఉందా లేదా చూశాను.

షెడ్డులో పవరు ప్రెస్సులు మూడు వరుసల్లో ఉన్నాయి. పైనుంచి బరువైన దిమ్మె దబ్బున దిగుతుంది, కింద అచ్చు మీద పెట్టిన రేకు ఒక్క దెబ్బకి వంగి భాగమై బయటికి వస్తుంది. రేకు పెట్టేదీ చెయ్యే, తీసేదీ చెయ్యే. ఆ చెయ్యి లోపల ఉన్నప్పుడు దిమ్మె దిగకుండా ముందు ఒక కంచె ఉండాలి, లేదా రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితే తప్ప మిషను కదలకుండా ఏర్పాటు ఉండాలి. మూడో వరుసలో ఒక ప్రెస్సుకి కంచె లేదు. విప్పిన కంచె పక్కనే గోడకి ఆనించి ఉంది. కాలితో తొక్కే పెడలు మీద పని నడుస్తోంది.

నేను దాన్ని చూశాను. చూడలేదని ఇవాళ చెప్పుకోలేను. పంతొమ్మిదేళ్ళ కుర్రాడొకడు అక్కడ పనిచేస్తూ, సూపర్‌వైజరు పిలిస్తే వచ్చి నాకు మంచినీళ్ళ గ్లాసు ఇచ్చాడు. తెలుగు కుర్రాడే. నీళ్ళు తాగి, ఏ ఊరని అడిగి, ప్రెస్సు చప్పుడుకి చెవులు మూసుకుని బయటికి వచ్చేశాను. నా రిపోర్టులో స్టాకు సక్రమం, యంత్రాలు పనిచేయు స్థితిలో ఉన్నవి అని వ్రాశాను. పనిచేయు స్థితి అన్నమాట నాదే.

ఐదారు నెలల తరవాత ఆ యజమాని శాఖకి వచ్చారు. మంచి ఖాతాదారు, వడ్డీ ఏనాడూ ఆపలేదు. కాఫీ తాగుతూ, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వచ్చి తన షెడ్డంతా తిరగేశారని, ఏదో దొంగ అర్జీ పడి ఉంటుందని విసుక్కున్నారు. వెళ్ళబోతూ, "మీ బావగారు ఆ ఆఫీసులోనే కదా సార్. ఎవరు వ్రాశారో ఊరికే తెలిస్తే చాలు, నేనేం చెయ్యను" అన్నారు.

నేను సరే చూస్తానన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

ఆ రాత్రి అక్కయ్యగారింట్లో

ఆ ఆదివారం అక్కయ్యగారింట్లో భోజనం. బావగారు చారన్నం కలుపుకుంటూ ఉంటే విషయం కదిపాను. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఏమోయ్, నువ్వు బ్యాంకులో ఒకరి ఖాతాలో ఎంతుందో నాకు చెబుతావా?"

"అదెలా చెబుతాను బావగారూ, అది రహస్యం కదా."

"ఖాతా చెబితే వాడికి డబ్బు నష్టం. ఇది చెబితే వాడికి ఏం నష్టమో తెలుసా? పొద్దున గేటు దగ్గర కార్డు తీసేసుకుంటారు. సాయంత్రానికి సిప్‌కాట్‌లో మరో గేటు వాడికి తెరుచుకోదు. ఇంకెప్పుడూ ఈ ఇంట్లో ఆ మాట అడక్కు."

అని చెయ్యి కడుక్కుని లేచిపోయారు. అక్కయ్య వడ్డించిన పెరుగు విస్తట్లోనే ఉండిపోయింది. ఆ తరవాత మూడు నెలలు ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒక్క మాటకి ఇంత కోపమా అని నాకూ పౌరుషం వచ్చింది. అప్పుడు నాకు తెలియనిది ఏమిటంటే, ఆయనది కోపం కాదు, చట్టం.

దాని వెనుక కథ పెద్దదే. మన దేశంలో మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చింది. ఏడేళ్ళు నిండని పిల్లలని పనిలో పెట్టకూడదు అన్నదే అప్పట్లో పెద్ద సంస్కరణ. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టం 1949 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. కదిలే యంత్ర భాగాలకి కంచె కట్టాలని 21వ సెక్షను. ప్రాణాపాయం కళ్ళెదుట ఉంటే ఆ యంత్రాన్ని ఆపెయ్యమని వ్రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చే అధికారం ఇన్‌స్పెక్టరుకి ఇచ్చింది 40వ సెక్షను. ఎవరికైనా దెబ్బతగిలి 48 గంటలు పనికి రాలేకపోతే శాఖకి తెలియజేయాలని 88వ సెక్షను.

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లో విషవాయువు వెలువడి వేలమంది పోయారు. ఆ ప్లాంటులో అంతకుముందే ప్రమాదాలు జరిగాయి. 1981లో ఒక కార్మికుడు విషవాయువుకి బలయ్యాడు. 1982లోనే రాజ్‌కుమార్ కేస్వానీ అనే పాత్రికేయుడు ఊరికి ముప్పు ఉందని వ్రాశారు. విన్నవారు లేరు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు 1987లో ఫ్యాక్టరీల చట్టానికి పెద్ద సవరణ చేశారు. అందులో వచ్చిన 111-ఎ సెక్షను, తన ఆరోగ్యానికి, భద్రతకి సరైన ఏర్పాటు లేదని కార్మికుడు నేరుగా ఇన్‌స్పెక్టరుకే చెప్పుకునే హక్కు ఇచ్చింది. దానికి తోడు 118-ఎ సెక్షను. ఫిర్యాదు ఎవరి దగ్గరనుంచి వచ్చిందన్నది ఇన్‌స్పెక్టరు రహస్యంగా ఉంచి తీరాలి. అంతేకాదు, ఫిర్యాదు వచ్చింది కనుకనే తనిఖీకి వచ్చానన్న సంగతి కూడా యజమానికి చెప్పకూడదు. ఫిర్యాదు చేసినవాడు తన పేరు చెప్పడానికి ఒప్పుకుంటేనే మినహాయింపు. ఇదే మాట 1947లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 81వ ఒడంబడికలోనూ ఉంది. మన దేశం దాన్ని 1949లోనే ఆమోదించింది.

ఎందుకింత పట్టుదల అంటే, ఆ చట్టం కింద కోర్టు కేసు చేపట్టాలంటే ఇన్‌స్పెక్టరు ఫిర్యాదు చేయాలి, లేదా ఆయన వ్రాతపూర్వక అనుమతి ఉండాలి. కార్మికుడు తనంత తాను కోర్టుకెక్కలేడు. అంటే అర్జీ అనేది ఉన్న ఒక్క ద్వారం. ఆ ద్వారం దగ్గర పేరు బయటపడుతుందన్న భయం పుడితే ఇక ఎవరూ అటు రారు.

చేతివ్రాత కూడా సాక్ష్యమే

పేరు దాచడం అంటే పేరు చెప్పకపోవడం ఒక్కటే కాదని బావగారు తరవాత నాకు వివరించారు. చేతివ్రాత చూసి సూపర్‌వైజరు మనిషిని గుర్తుపడతాడు. అందుకని అసలు కాగితం కవరులో పెట్టి బీరువాలో తాళం. సారాంశం మాత్రం టైపు చేసి, 'మా తమ్ముడు', 'నా పక్క మిషను' వంటి మాటలు తీసేసి లోపలికి పంపేవారు. తనిఖీకి వెళ్ళిన అధికారి నేరుగా ఆ ప్రెస్సు దగ్గరికి నడిస్తే ఇంక దాచేదేముంది? అందుకని గేటు దగ్గరనుంచి మొదలుపెట్టి అగ్నిమాపక బకెట్లు, మరుగుదొడ్లు, హాజరు రిజిష్టర్లు, అన్ని వరుసలూ చూసుకుంటూ రావాలి. ఒక్కోసారి అదే వీధిలో మరి రెండు షెడ్లు కూడా చూసేవారట.

రాత్రి షిఫ్టులో కంచె విప్పేస్తున్నారు అని అర్జీలో ఉంటే మరీ చిక్కు. పగలు వెళితే అంతా సవ్యంగా కనిపిస్తుంది. రాత్రి వెళితే ఎవరో చెప్పారని తెలిసిపోతుంది. అటువంటప్పుడు ముందు కొన్నిచోట్ల రాత్రి తనిఖీలు చేసి, అవి మామూలే అనిపించాక ఆ షెడ్డుకి వెళ్ళేవారు. కానీ ఆ ఆలస్యంలో ఎవరికైనా దెబ్బ తగిలితే? "అదేనోయ్ నా నిద్ర పోగొట్టేది. పేరు కాపాడితే వేలు పోవచ్చు, వేలు కాపాడితే పేరు పోవచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే ఆ రాత్రే పంపమని వ్రాసేవాణ్ణి" అన్నారు.

దీనికితోడు గడువు. ఆ చట్టం కింద నేరం ఇన్‌స్పెక్టరు దృష్టికి వచ్చిన మూడు నెలల్లోగా కోర్టులో కేసు వెయ్యవలసి ఉండేది, లేకపోతే అది చెల్లేది కాదు. మా బ్యాంకులో డిమాండు ప్రోనోటుకి మూడేళ్ళ కాలదోషం. దానికే మేము డైరీలో ఎర్రసిరాతో వ్రాసుకుని కంగారు పడతాం. ఆయనకి తొంభై రోజులు! గోడ క్యాలెండరు మీద ప్రతి అర్జీ నెంబరూ చిన్న అంకెలతో వ్రాసి ఉండేది. అక్కయ్య దాన్ని పాల లెక్క అనుకునేదట.

కౌంటరు మీద చెయ్యి

మళ్ళీ నా కథకి వస్తాను. బావగారితో మాటలు తెగిన ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, కౌంటరు గుమాస్తా డబ్బు తీసుకునే ఫారం ఒకటి నా దగ్గరికి పట్టుకొచ్చాడు. సంతకం తేడాగా ఉంది, పాస్ చెయ్యమంటారా అని. నమూనా కార్డు తీసి చూశాను. ఎక్కడా పొంతన లేదు. కార్డు మీద సంతకం గుండ్రంగా, పొందికగా ఉంది. ఫారం మీద గీతలు వణుకుతూ కిందకి జారిపోయాయి. మనిషిని పిలవమన్నాను.

ఒక కుర్రాడు, అతని తల్లి వచ్చారు. "సంతకం ఇలా ఎందుకు మారింది? నువ్వేనా చేసింది?" అని కాస్త గట్టిగానే అడిగాను. అతను కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. చూపుడువేలు, మధ్యవేలు లేవు.

"ఎడంచేత్తో చేసినాను సార్" అన్నాడు.

తల్లి ఏమీ అనలేదు. అతనే నన్ను కొంచెంసేపు చూసి, "మీరు ఆ దినం మా షెడ్డుకి వచ్చింటిరి కదా సార్. నీళ్ళు నేనే ఇచ్చినాను. ఆ మిషను మీరు చూసిండారు" అన్నాడు. నిందవేసినట్టు కాదు. తెలిసిన మనిషి కనబడితే గుర్తుచేసినట్టు అన్నాడు. అందుకే అది ఇప్పటికీ చెవిలో ఉంది.

నేను వెళ్ళివచ్చిన రెండు నెలలకి జరిగిందట. పెడలు ఒకసారి తొక్కితే దిమ్మె రెండుసార్లు దిగింది. క్లచ్ కీ అరిగిపోతే అలా అవుతుంది. అప్పుడు ఆ కంచె ఒక్కటే చేతికి అడ్డు. ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో చేరాడు. అప్పటి చట్టం పట్టికలో ఒక చేతి రెండు వేళ్ళు పోతే సంపాదించే శక్తిలో నష్టం 20 శాతం. బొటనవేలు పోతే 30 శాతం. నా లెక్కలో స్టాకు మార్జిను 25 శాతం. ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడా నాకు ఆ రోజు తెలిసింది. నాది సరుకు పోతే బ్యాంకు నష్టపోకుండా ముందే తీసిపెట్టుకున్నది. అతనిది పోయాక లెక్కకట్టింది.

కొత్త నమూనా కార్డు తెప్పించి ఎడంచేత్తో మూడు సంతకాలు చేయించాను. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. నేను ధృవీకరించాను.

ఆ సాయంత్రం నేరుగా అక్కయ్యగారింటికి వెళ్ళాను. బావగారికి అంతా చెప్పాను. ఆ రోజు పేరు నాకు చెప్పి ఉంటే నేను యజమానికి చెప్పేవాణ్ణి కాదు అని అనబోయి ఆగిపోయాను. ఎందుకంటే చెప్పేవాణ్ణేమో! మంచి ఖాతాదారు, కాఫీ తాగుతూ అడిగారు, ఊరికే తెలిస్తే చాలన్నారు. బావగారు నన్ను ఏమీ అనలేదు. "కూర్చో, చారు వేడిగా ఉంది" అన్నారు.

అర్జీ ఎవరు వ్రాశారన్నది నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కుర్రాడేనా, పక్క మిషను మీద ఉన్నవాడా, లేక ఆ సూపర్‌వైజరే చాటుగా వ్రాశాడా? తెలుగులో ఉందా, తమిళంలో ఉందా? బావగారు 2014లో రిటైరయ్యారు. పోయిన సంక్రాంతికి సరదాగా, "ఇప్పుడైనా చెప్పకూడదా?" అన్నాను. "రిటైరయింది నేను, రహస్యం కాదు" అన్నారు. యజమాని ద్వారా నాకు తెలిసింది ఇంతే: ఆ ప్రెస్సుని కంచె పెట్టేదాకా ఆపారు, కేసు వేశారు, ఆయన జరిమానా కట్టారు. ఆ తరవాత అన్ని ప్రెస్సులకీ రెండు చేతుల బటన్లు పెట్టించారు. దానికి టర్ము లోను ఇచ్చింది కూడా మా శాఖే. ఆ కాగితాల మీద నేను సంతకం పెట్టినంత త్వరగా మరే లోనుకీ పెట్టలేదు.

మా రిపోర్టు ఫారంలో కంచె గురించి గడి లేదు. అయినా ఆ తరవాత ప్రతి తనిఖీలోనూ 'ఇతర విషయములు' అన్నచోట యంత్రాల రక్షణ గురించి ఒక వాక్యం వ్రాస్తూ వచ్చాను. ఒక మేనేజరుగారు "ఇది మన పని కాదు కదా" అన్నారు. "చెయ్యి పోయిన షెడ్డులో స్టాకు ఎన్నాళ్ళు నిలుస్తుంది సార్?" అన్నాను. ఆయనకి ఆ భాష అర్థమైంది.

మీ ఇంట్లో ఎవరైనా వ్రాయవలసివస్తే

బావగారిని అడిగి వ్రాసుకున్న సంగతులివి. ఫ్యాక్టరీ పేరు, పూర్తి చిరునామా వ్రాయండి. ఏ షెడ్డు, ఏ మిషను, దానికి ఏమి లేదు, ఏ షిఫ్టులో, ఎప్పటినుంచి, ఎంతమంది దాని దగ్గర పనిచేస్తారు - ఇవి వ్రాయండి. ఇంతకుముందు ఎవరికైనా దెబ్బ తగిలితే తేదీ వ్రాయండి. యజమాని గుణగణాలు వ్రాయనక్కరలేదు. జీతం గొడవ ఉంటే దానికి వేరే అర్జీ, వేరే ఆఫీసు. వీలైతే పేరు వ్రాసి, రహస్యంగా ఉంచమని కోరండి, పేరుంటే మరో ప్రశ్న అడగడానికి వాళ్ళకి వీలవుతుంది. స్పీడ్ పోస్టులో పంపి, నకలూ రసీదూ దాచుకోండి. తమిళం, కన్నడం, మరాఠీ, ఒరియా వ్రాయడం రాకపోతే తెలుగులోనే వ్రాయండి. అడగందే అమ్మయినా పెట్టదు.

చట్టం ఇప్పుడు మారింది. 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చి పాత ఫ్యాక్టరీల చట్టం స్థానం తీసుకుంది. ఇన్‌స్పెక్టరు పేరు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అయింది. కరెంటు వాడే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అన్నది ఇప్పుడు ఇరవైమంది అయింది, కరెంటు లేని చోట ఇరవై నలభై అయింది. ప్రమాదం ముంచుకొస్తోందని తోస్తే యజమానికీ, ఆ అధికారికీ ఒకేసారి తెలియజేసే హక్కు కార్మికుడికి కొత్త చట్టంలోనూ ఉంది. పేర్లు, అంకెలు మారినా ప్రెస్సు దిమ్మె దిగే తీరు మారలేదు.

ఆ కుర్రాడికి ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. ఊళ్ళో చిన్న కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. ఇద్దరు పిల్లలు. నేను మూడు శాఖలు మారి మళ్ళీ హోసూరుకి వచ్చాక ఒకరోజు కూతురి పేర రికరింగ్ డిపాజిట్ తెరవడానికి వచ్చాడు. ఫారం మీద ఎడంచేత్తో సంతకం పెట్టి నా వైపు తిప్పాడు. అలవాటు కొద్దీ పాత నమూనా తెరిచి పోల్చి చూశాను. వణుకు లేదు. గుండ్రంగా, పొందికగా, మొదటి కార్డు మీద ఉన్నట్టే ఉంది.

"ఇప్పుడు సరిపోయిందా సార్?" అన్నాడు.

సరిపోయిందన్నాను. సరిపోయింది సంతకం ఒక్కటే అని ఇద్దరికీ తెలుసు.